మా బావ గోరింటాకు చేతులు

మా బావ దానయ్య బంతి ముట్టుకోకుండానే బంతాటలో జీతం తీసుకున్నాడంటే మా బీర్‌గావ్‌లో ఇప్పటికీ ఎవరూ నమ్మరు. నమ్మకపోతే మానెయ్యండి. నేను కళ్లారా చూశాను.

పొట్టకూటికి హిందీవాళ్ల ప్రాంతానికి వలసొచ్చి, పక్కనే ఉర్లాలో ఇనుప కడ్డీల మిల్లులో ఇద్దరం పనిచేసేవాళ్లం. బావ గుమ్మంలో నిలబడితే ఇంట్లోకి వెలుతురు రాదు. ఆదివారాలు రైల్వే మైదానంలో కబడ్డీ ఆడేవాడు. ఆయన చేతికి చిక్కినవాడు మళ్లీ గీత దాటిన పాపాన పోలేదు. ఆ బలం చూసే, 2012లో ఇక్కడ కొత్తగా పెట్టిన అమెరికన్ ఫుట్‌బాల్ జట్టువాళ్లు ఆయన్ని ఎగరేసుకుపోయారు.

ఆ ఆటలో బంతి విసిరేవాడొకడుంటాడు. బావ జట్టులో వాడు ధర్సీవా ఊరి కుర్రాడు వీరేంద్ర. ఎదుటివాళ్లు వాడి మీదికి ఎద్దుల్లా దూకుతారు. మధ్యలో నిలబడి వాళ్లను ఆపడమే బావ పని.

"బంతి ముట్టుకోవేటి? మరి జీతమెందుకిస్తారు?" అంది మా అక్క వరహాలమ్మ.

"ఆ కుర్రోడిని ఎవులూ ముట్టకుండా సూసుకుంతానని," అన్నాడు బావ.

చిక్కంతా ఆ చేతులతోనే వచ్చింది. ఎదుటివాణ్ని తోయొచ్చు గానీ పట్టుకోకూడదట. పట్టుకుంటే జట్టంతా వెనక్కి జరగాలి. చిన్నప్పటినుంచీ కబడ్డీ ఆడిన చేతులు ఊరుకుంటాయా? మనిషి తగిలితే చాలు, వేళ్లు వాటంతటవే బిగుసుకునేవి. వెంటనే ఈల. చివరికి కోచ్ తేల్చి చెప్పేశాడు: "దానయ్యా, ఇంకొక్కసారి పట్టుకున్నావంటే సామాన్ బాంధ్ లో, ఇక మూట సర్దుకో." ఆ పూట బావ కంచం ముందు కూర్చుని ఏడ్చాడు.

మా అక్క గోరింటాకు రుబ్బి ఆయన రెండు అరచేతులకూ ముద్దగా పెట్టింది. "ఇప్పుడు మా సూరిబాబుని తొయ్యి. గుప్పిట ముడిసావంటే గోరింటాకు పాడయిపోద్ది, మళ్లీ పెడతాను," అంది నన్ను ముందుకు తోసి.

నేను పకపకా నవ్వాను. ఆ వెంటనే వెళ్లి గోడకు కొట్టుకున్నాను. రోజూ ఇదే బాగోతం. నా చొక్కాలన్నీ ఎర్రబడ్డాయి, మా అక్కకు చీమ కుట్టినట్టయినా లేదు. పోనుపోను బావ వేళ్లు విప్పుకోవడం అలవాటు చేసుకున్నాయి.

తర్వాతి మ్యాచ్‌లో ఎర్రటి ఆ చేతులు చూసి ఎదుటివాళ్లు "ఏ మెహందీవాలా!" అని ఒకటే ఎగతాళి. వాళ్లలో ఒక భారీ మనిషి వంగి, బావ పక్కనుంచి వీరేంద్ర మీదికి దూసుకుపోబోయాడు. కబడ్డీలో అయితే వాడి నడుం అందినట్టే. అయిపోయింది, పట్టేసుకుంటాడు అనుకున్నాను. పట్టుకోలేదండీ! అడుగు పక్కకేసి అడ్డం పడి, రెండు అరచేతులూ వాడి రొమ్ము మీద పరిచి తోశాడు. వాడు వెల్లకిలా పడ్డాడు. ఈల మోగలేదు. వెనక వీరేంద్ర తీరిగ్గా బంతి విసిరాడు. అబ్బబ్బ, ఏం నిలబడ్డాడా మనిషి! దణ్ణం పెట్టాలనిపించింది, పెట్టేశాను కూడా.

మూడేళ్లు అలాగే నిలబడ్డాడు. జట్టు మూతపడ్డాక మళ్లీ మిల్లుకొచ్చాడు. ఒకరోజు వీరేంద్ర బీర్‌గావ్ వెతుక్కుంటూ వచ్చి, పాత బంతి తీసి, "భయ్యా, యే ఆప్‌కా హై," అని, ఇది మీదేనంటూ బావ చేతుల్లో పెట్టాడు.

బావ వేళ్లు విప్పే ఉంచాడు. బంతిని అరచేతుల మీద అలాగే నిలబెట్టుకుని అక్క వైపు తిరిగాడు.

"ఇప్పుడు పట్టుకోవచ్చేటే?" అన్నాడు.