బంద్ రద్దయిన రోజు రాచకొండకు

దిల్‌సుఖ్‌నగర్ నుంచి రాచకొండ అరవై కిలోమీటర్లు, కాస్త అటూ ఇటూ. ఆ దూరం వెళ్లడానికి నాకు పదకొండేళ్లు పట్టింది. చివరి రెండు నెలలు బంద్‌ల వల్ల, మిగతాదంతా నా బద్ధకం వల్ల.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో గ్రూప్స్ పరీక్షలకు చరిత్ర చెప్తాను. పుట్టింది బాపట్ల పక్కన. రాచకొండ మీద నా నోట్సు మూడు పేజీలు. కొండ మీద రాజధాని కట్టుకున్న పద్మనాయకులు, సున్నం లేకుండా పేర్చిన గోడలు, ఒకదాని తర్వాత ఒకటిగా దర్వాజాలు, అన్నీ ఉంటాయి. పాత పుస్తకాల్లోంచి నేను ఎత్తి రాస్తే, నా నోట్సులోంచి పక్క సందు కోచింగ్ సెంటర్ల వాళ్లు ఎత్తి రాసుకున్నారు. అందులో చివరి వాక్యం ఇది: 'ప్రస్తుతం అక్కడ జనవాసం లేదు.'

ఒక వారం పరీక్షలో దాన్నే ఒప్పు-తప్పుల ప్రశ్నగా ఇచ్చాను. స్వరూప అనే విద్యార్థిని 'తప్పు' అని పెట్టింది. మార్కు కొట్టేశాను. స్వరూపకు ముప్పై ఏళ్లు దగ్గర పడుతున్నాయి. కొత్తపేటలో గది కిరాయికి తీసుకుని, పగలంతా చీరల షాపులో చీరలు మడతపెట్టి, సాయంత్రం క్లాసుకు వచ్చేది. ఆ రోజు అందరూ వెళ్లేదాకా ఆగి పేపరు నా ముందు పెట్టింది.

"మా అమ్మ అక్కడనే ఉంటది మేడం. తప్పెట్ల అయితది?"

నేనిచ్చిన జవాబు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "కీ ప్రకారం అంతేనమ్మా" అన్నాను.

భయం వేసి అన్నాను. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఊపు మీద ఉంది. మా సెంటర్‌లో కోస్తా నుంచి వచ్చిన పంతుళ్లు ఇద్దరు అప్పటికే మానేశారు. ముందు బెంచీల వాళ్లు పాఠం మధ్యలో మీది ఏ జిల్లా అని అడగడం మొదలైంది. తెలంగాణ చరిత్రలో నేను తప్పు రాశానని నా నోటితోనే ఒప్పుకుంటే, ఆంధ్రా మేడం మాకు మా చరిత్ర చెప్పడమేంటని ఎవరో ఒకరు లేస్తారు. నోట్సేమో మళ్లీ ప్రెస్సుకు వెళ్లాలి. నా మాట నిలబడాలంటే ఆ వాక్యం నిజం కావాలి. ఆ వాక్యం నిజమైతే స్వరూప వాళ్లమ్మ లేనట్టే.

స్వరూప వాదించలేదు. "ఒకసారి వచ్చి చూడుండ్రి మేడం" అని మాత్రం అంది. పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చట. సరేనన్నాను.

తీరా బయల్దేరుదామంటే రోజు కుదరలేదు. షాపుకు ఆదివారం కూడా సెలవు లేదు. బంద్ రోజు షట్టర్లు వేస్తారు కాబట్టి స్వరూపకు సెలవే, కానీ ఆ రోజు బస్సులు డిపో దాటవు. బస్సు ఉంటే సెలవు లేదు, సెలవు ఉంటే బస్సు లేదు. రెండు నెలలు ఇలాగే గడిచిపోయాయి. చివరికి ఒక గురువారానికి బంద్ పిలుపు వచ్చింది. షాపు యజమాని ముందు రోజు సాయంత్రమే అందరికీ సెలవు చెప్పి పంపేశాడు. వాళ్లు ఇళ్లకు చేరాక టీవీలో బంద్ రద్దయిందని వచ్చింది. స్వరూప ఫోన్ చేసి ఒకే మాట అంది: "మేడం, రేపు బస్సులున్నయి."

ఉదయం ఆరుంబావుకు దిల్‌సుఖ్‌నగర్‌లో షేర్ ఆటో ఎక్కాను. కొత్తపేటలో స్వరూప ఎక్కింది. ఎల్‌బీ నగర్ దాకా మనిషికి ఐదు రూపాయలు. చౌరస్తాలో కిందటి బంద్‌కు కాల్చిన టైర్ల మసి రోడ్డు మీద ఇంకా నల్లగా ఉంది. ఆరూ నలభైకి చౌటుప్పల్ మీదుగా వెళ్లే బస్సు దొరికింది. బంద్ అనుకుని జనం ఇళ్లలోనే ఉండిపోయినట్టున్నారు, సగం సీట్లు ఖాళీ.

హయత్‌నగర్‌లో ఎక్కిన పెద్దాయన ఒకరు మా ముందు సీట్లో కూర్చున్నారు. కండక్టర్‌తో నేను మాట్లాడింది విని వెనక్కి తిరిగారు. మీది ఆంధ్రనా అమ్మా అని అడిగారు. అవునన్నాను. ఎక్కడికని అడిగితే రాచకొండ చూడ్డానికని చెప్పాను.

"చూడుండ్రి. చూస్తే తప్పేంది? చూడకుండ రాసేటోళ్లతోనే మాకు పరేషాన్."

ఆయన వేరే ఎవరినో ఉద్దేశించి అన్నారు. అయినా నా ఒళ్లో ఉన్న నోట్సును మెల్లిగా సంచిలోకి తోసేశాను. స్వరూప కిటికీ వైపు తిరిగి నవ్వు ఆపుకుంది.

ఏడూ యాభైకి చౌటుప్పల్‌లో దిగాం. ప్లేటు ఇడ్లీ పదిహేను రూపాయలు, చట్నీ అడిగినంత. వెళ్లాలనుకునే వాళ్లు ఇక్కడే నీళ్ల సీసాలు కొనుక్కోవాలి, పైన దుకాణం లేదు. ఎనిమిదిన్నరకు నారాయణపురం బస్సు దొరికింది. అక్కడి నుంచి ఆటో నూట యాభై రూపాయలు. దారి పొడవునా పెద్ద పెద్ద రాతి గుండ్లు, సీతాఫలం చెట్లు. మొదటి దర్వాజా ముందు దిగేసరికి పది కావస్తోంది.

అంతంత రాళ్లను మనుషులు ఎలా ఎత్తారో అక్కడ నిలబడి చూస్తే గానీ ఆశ్చర్యం పుట్టదు. నా నోట్సులో 'రాళ్ల మధ్య వెంట్రుక కూడా దూరదు' అని ఉంది. జడలోంచి పిన్ను తీసి చూశాను. కొన్నిచోట్ల దూరలేదు, కొన్నిచోట్ల హాయిగా దూరింది. ఇంకా ఎన్ని దిద్దుకోవాలో అనుకున్నాను. అంతలో గోడ మీద ఆరేసిన ఎర్ర చీర కనబడింది. దాని పక్కన మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. దర్వాజాలోంచి మేకలు బయటికి వస్తున్నాయి, వాటి వెనక మేతకు తోలుకెళ్లే మనిషి. అంతకుమించి రుజువు అడిగే ముఖం నాకు లేదు.

రెండు గంటలు తిరిగాం. కూలిన గుళ్లు చూశాం. బండ మీద వాన నీరు నిలిచే దొనలు స్వరూప చూపించింది. నేను పుస్తకంలోని పేరు చెబితే, ఊళ్లో ఆ చోటును ఏమంటారో తను చెప్పింది. మధ్యాహ్నానికి వాళ్లింటికి వెళ్లాం. వాళ్లమ్మ ఈదమ్మ కాళ్లకు నీళ్లిచ్చి, అన్నం పెట్టింది. పచ్చిపులుసు, ఎల్లిపాయ కారం. నేను రెండోసారి అడిగి మరీ వేయించుకున్నాను.

తిని చేయి కడుక్కున్నాక ఈదమ్మ నా ఎదురుగా కూర్చుంది. "మా ఊరి ముచ్చట పుస్తకంల రాసినవంట గదా టీచరమ్మా. నాకు చదువు రాదు. జర చదువు, ఇనాలని ఉన్నది."

సంచిలోంచి నోట్సు తీశాను. రాజుల దగ్గర ఆమె తలాడించింది. గోడల దగ్గరికి రాగానే, ఆ గోడ పక్కనే మేకల్ని కడతామని చెప్పింది. మూడో పేజీ అయిపోవస్తోంది. చివరి వాక్యం ముందు ఆగాను. పేజీ మూసేస్తే ఆమెకు తెలియదు. స్వరూప గడప దగ్గర నిలబడి నన్నే చూస్తోంది.

"ప్రస్తుతం అక్కడ జనవాసం లేదు" అని చదివాను.

"అంటే?"

"ఇక్కడ మనుషులెవరూ లేరని, పెద్దమ్మా."

ఆమె నవ్వలేదు, కోపం తెచ్చుకోలేదు. నిజంగానే అర్థం కాక అడిగింది.

"మరి నీకు బువ్వ పెట్టింది ఎవలు బిడ్డా?"

తప్పు రాశానని, క్షమించమని ఎలాగో అన్నాను. తప్పయితే దిద్దుకో, దానికేమున్నది అని ఆమె లేచి, దారిలో తినమని సీతాఫలాలు నా సంచిలో వేసింది.

మూడింటికి ఆటో, నాలుగింటికి నారాయణపురం నుంచి బస్సు, ఐదింటికి చౌటుప్పల్ నుంచి హైదరాబాద్ బస్సు. మొత్తం ఖర్చు మనిషికి మూడు వందలు దాటలేదు. సీట్లో కూర్చోగానే ఎర్ర పెన్ను తీసి, నోట్సులో పెట్టి తెచ్చిన స్వరూప పేపరు మీద కొట్టేసిన మార్కు వేసి ఇచ్చాను. తను మడిచి బ్యాగులో పెట్టుకుంది.

"క్లాసుల మీరే చెప్పాలె మేడం. నేను చెప్తే అందరు మీ మీదికి లేస్తరు."

"నేను చెప్పినా లేస్తారేమో."

"లేస్తే నేనున్న కదా" అంది.

రేపు సాయంత్రం క్లాసులోనే చెప్తానన్నాను. భయం పోలేదు. కానీ ఆ వాక్యాన్ని ఇంకొకసారి బోర్డు మీద రాయడం ఇక నా వల్ల కాదు. నోట్సు తీసి దాన్ని అడ్డంగా కొట్టేశాను. కింద ఖాళీ జాగాలో ఈదమ్మ అని రాశాను. తర్వాతి ఇల్లు ఎవరిదని స్వరూపను అడిగాను. పరీక్షల్ల ఈ పేర్లు అడగరు కదా మేడం అంది. చెప్పు, రాస్తానన్నాను.

దర్వాజా పక్క ఇంటి నుంచి మొదలుపెట్టింది. ఎవరికి ఎన్ని మేకలున్నాయో, ఎవరి కొడుకు హైదరాబాద్‌లో ఆటో నడుపుతాడో కలిపి చెబుతుంటే పేర్లు మాత్రం రాసుకున్నాను. హయత్‌నగర్ దాటేసరికి జాగా అయిపోయి అట్ట లోపలి వైపుకు వచ్చాను. ఎల్‌బీ నగర్, ఎల్‌బీ నగర్ అని కండక్టర్ అరుస్తున్నాడు. "ఆగుండ్రి మేడం, ఇంకా కింది వాడ మొత్తం ఉన్నది" అంది స్వరూప.