చూడి పెయ్య

పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే పనిలో చేరిన మొదటి ఏడాది అది. బండి వెనక వీర్యం నిల్వ ఉంచే నైట్రోజన్ క్యాన్ కట్టుకుని మైలవరం చుట్టుపక్కల ఊళ్లు తిరిగేవాణ్ణి.

పాలకేంద్రం పక్కింటావిడకు ఒక జెర్సీ పెయ్య ఉండేది. ఎదకు వచ్చినప్పుడల్లా నన్నే పిలిచేవారు. రెండుసార్లు వేసినా చూడి నిలవలేదు. మూడోసారి వేశాక రెండు నెలలు ఏ కబురూ లేదు. ఒక ఉదయం ఫోన్ చేశారు.

"మళ్లీ అరుస్తోంది బాబూ. ఈసారి కూడా నిలవకపోతే అమ్మేస్తానంటున్నారు మా ఆయన. త్వరగా రా."

ముందు చెయ్యి పెట్టి గర్భసంచిని నిదానంగా తడిమి చూడాలి. మాకు నేర్పిన మొదటి పాఠం అదే. కానీ ఇంకో రెండు ఊళ్ల నుంచి ఫోన్ల మీద ఫోన్లు. అరుస్తోందంటే ఎదేలే అనుకున్నాను. ఎడమచేత్తో సంచి మూతి పట్టుకుని వీర్యం ఎక్కించే గన్ లోపలికి నెట్టాను. ఎప్పుడూ లేనంత బిగువుగా తగిలింది. అయినా నెట్టాను. బయటికి లాగితే దాని కొసన బంకలా చిక్కటి జిగురు. ఎదలో ఉన్న పశువుకు కారేది గుడ్డు తెల్లసొనలా పలచగా ఉంటుంది.

అప్పుడు తడిమాను. సంచి ఒకవైపు నీళ్లు నింపిన బుడగలా ఉబ్బి, వేళ్ల కింద మెత్తగా జారింది. పెయ్య చూడితో ఉంది. చూడి పశువు కూడా ఒక్కోసారి ఎదకు వచ్చినట్టు అరుస్తుందని చదువుకున్నవాణ్ణే.

"ఏంటి బాబూ, అలా ఆగిపోయావు?"

"ఏం లేదండీ," అన్నాను.

బండి ఎక్కి వచ్చేశాను. దూడను కాపాడుతూ బిరడాలా మూసుకున్న జిగురును నేనే చీల్చేశాను. ఇక ఏ రోజైనా కడుపు జారి ఈసుకుపోవచ్చు. సంచికి చీము పడితే పెయ్యే గొడ్డుమోతవుతుంది. గొడ్డుమోతు పెయ్యను కొనేది కబేళా బేరగాళ్లే. నాలుగో రోజు ఆవిడ నంబరు ఫోన్‌లో కనపడింది. ఎత్తలేదు. ఆమె మళ్లీ చేయలేదు. దాంతో ఇంకా భయమేసింది.

ఆరో రోజు ఉండబట్టలేక వెళ్లాను. ఆవిడ చావిట్లో తవుడు కలుపుతున్నారు.

"అమ్మా, ఆరోజు మీ పెయ్య చూడితోనే ఉందండీ. చూసుకోకుండా గన్ పెట్టేశాను. భయపడి చెప్పలేదు."

ఆవిడ చేతులు తవుట్లోనే ఆగిపోయాయి.

"రెండు రోజుల్నుంచి తోక కింద చీము కారుతోంది. అడుగుదామని నీకే ఫోన్ చేశాను."

వెంటనే పశువుల డాక్టరుగారికి ఫోన్ చేశాను. జరిగింది ఏదీ దాచలేదు. ఆయన వచ్చి చెయ్యి పెట్టి చూసి, "దూడ దక్కదు. పెయ్యనైనా కాపాడుకుందాం," అన్నారు. మర్నాడే ఈసుకుపోయింది. అరచేతిలో పట్టేంత పిండం. ఆవిడే పెరట్లో గొయ్యి తీశారు. నేను పార అందుకోబోతే, "నువ్వెళ్లు బాబూ," అన్నారు, అంతే.

వైద్యం చాలా రోజులు సాగింది. పెయ్య ఎదకు వస్తుందో రాదో అని పాలకేంద్రంలో తెలిసినవాళ్లను అడుగుతూనే ఉండేవాణ్ణి. వేసవి దాటాక వచ్చిందట. ఆవిడ వేరే అతన్ని పిలిపించుకున్నారు. ఒక్కసారికే నిలిచింది.

ఇప్పటికీ పెయ్య అరుస్తోందని ఎవరైనా పిలిస్తే నాకు ఆ పెయ్యే గుర్తొస్తుంది. రైతులు విసుక్కున్నా సరే, గన్ ముట్టుకోకుండా చాలాసేపు తడుముతాను.