ప్రార్థన పుస్తకంలో దొరికిన లీడ్స్

గనిలో దిగి మొహానికి మసి పూసుకున్నవాళ్ళు మా గోదావరిఖనిలో ఎందరో ఉన్నారు. మంచం దిగకుండా, ఫోను నొక్కి పూసుకున్నవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే.

డిగ్రీ అయిపోయి, ఆన్‌లైన్‌లో అఫిలియేట్ మార్కెటింగ్ నేర్చుకుంటున్న రోజులవి. అంటే సరుకు ఒకరిది, కొనేది ఇంకొకరు, మధ్యలో లింకు పంపినందుకు మనకు కమీషన్. పాఠం చెప్పే ఆయనది రోజూ ఒకటే మంత్రం: "లీడ్స్ వెతకండి! అవసరమున్న మనిషి పేరు, నంబరు. అంతే!" కొత్త సిమ్ కొని ముందు చుట్టాల మీద పడ్డాను. మూడో లింకుకే మా బావ బ్లాక్ చేశాడు.

అప్పుడు కనబడింది, బీరువా మీద చర్చి ప్రార్థన పుస్తకం. మా అమ్మ అక్కడి స్త్రీల సమాజానికి సెక్రటరీ. ఎవరికి ఏ బాధ ఉన్నా అందులో పేరు, నంబరు, బాధ రాసిపోతారు. అమ్మ గుట్టుగా వాళ్ళ కోసం ప్రార్థన చేస్తుంది. ఒకామెకు మోకాళ్ళ నొప్పి, ఇంకొకాయనకు నిద్ర పట్టదు. చదువుతుంటే నాకు కళ్ళు చెమర్చాయి. జాలితో అనుకునేరు! ఇంత ఖరారైన లీడ్స్ మా పాఠాల ఆయన కూడా చూసి ఉండడు.

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. నేనైతే అగ్గిపెట్టెకు లింకు పంపే రకం. మోకాళ్ళకు తైలం లింకు పంపాను, నిద్రకు దిండు లింకు పంపాను. శాంతమ్మ అనే ఆమె, "నా భర్త తాగుడు మానాలి" అని రాసింది. కింద ఉన్న నంబరుకు, "మీ ఇంట్లో తాగుడు సంగతి మాకు తెలుసు. ఈరోజే మాన్పించండి" అని కొట్టి, ఒక పొడి లింకు తగిలించాను.

ఆ నంబరు శాంతమ్మది కాదు. తనకు ఫోన్ లేక, భర్త ప్రభుదాసు కాకది రాసింది. ఆయన గనిలో కార్మికుడు, మా చర్చిలో సంఘ పెద్ద. తాగుతాడని భార్యకు, ఆ పుస్తకానికి తప్ప ఈగకు కూడా తెలియదు.

ఫోన్ మోగింది. గొంతు మార్చి ఎత్తాను.

"ఎవలు నువ్వు? నేను తాగుతనని నీకెవలు చెప్పిన్రు?"

"లిస్టులో ఉంది సార్."

"ఏం లిస్టు? కంపెనీదా? నా డ్యూటీకేమన్న అయితదా?"

"కంపెనీది కాదు సార్. పైనుంచి..."

'బీరువా పైనుంచి' అనబోయాను. భయానికి బీరువా నోట్లోనే ఉండిపోయింది.

అటువైపు నుంచి "పైనుంచా!" అని సన్నగా వినబడి, ఫోన్ కట్ అయింది.

సాయంత్రానికి మిగతా లీడ్స్ అన్నీ కాళ్ళొచ్చి మా ఇంటికే నడిచాయి.

"పుస్తకంల రాసుకున్నది బయటికి ఎట్ల వోయిందక్కా? నిన్ను నమ్మే రాస్తిమి గదా!" అని అమ్మను నిలదీశారు.

అమ్మ పుస్తకం దించి గుండెకు హత్తుకుంది. ఆమె మొహం చూశాక నా మార్కెటింగ్ అంతా దిగిపోయింది. వాళ్ళు వెళ్ళాక అంతా ఒప్పుకున్నాను.

"ఆదివారం అందరి ముంగట లేచి చెప్పు. లేకుంటే ఇగ ఆ పుస్తకం ఎవలూ ముట్టరు," అంది అమ్మ.

ఆదివారం చర్చిలో లేవబోయాను. నాకంటే ముందే ప్రభుదాసు కాక లేచి నిలబడ్డాడు.

"నేను దొంగతనంగ తాగేటోణ్ణి. మా ఇంట్ల ఆమెకు తప్ప ఎవలకు తెల్వది. దేవుడే నాకు ఫోన్ల మెసేజ్ వెట్టిండు. ఆ దినం సంది ముట్టలే!"

"స్తోత్రం!" అని చర్చంతా మోగింది. శాంతమ్మ కొంగులో మొహం దాచుకుని ఏడ్చింది. మోకాళ్ళ నొప్పి అవ్వ, "అయితే నాకు తైలం గూడ ఆయ్ననే పంపిండా!" అని రెండు చేతులూ ఎత్తింది.

నేను లేచి నోరు తెరవబోయాను. అమ్మ నా చొక్కా పట్టి గుంజి కూర్చోబెట్టింది.

"నోర్మూసుకొని కూసో. నువ్వు నిజం జెప్తే ఆయన మళ్ళ తాగుతడు."

కూర్చున్నాను. అక్కడ చేయలేని ప్రమాణం పాఠకుల సాక్షిగా ఇక్కడ చేస్తున్నాను: ఒకరి కన్నీళ్ళ పక్కన ఇక జన్మలో లింకు పెట్టను. దేవుడి తరఫున మెసేజ్‌లు అసలే పంపను. ఆయన కమీషన్ ఇవ్వడు.