నీళ్ళాయన వంతు

ఏళ్ళ తరబడి వాల్వులు తిప్పినవాడికి భుజాలు మిగులుతాయి గానీ గొంతు మిగలదు. నీళ్ళాయన సంగతీ అంతే. ఉద్యోగం వదిలి చాలా కాలమైనా వార్డులో ఎవరూ ఆయన్ని పేరు పెట్టి పిలవరు. నీళ్ళొచ్చిన రోజున ఆయనొకడున్నాడని ఎవరికీ గుర్తుండేది కాదు. రాని రోజున మాత్రం ఆయనతో పాటు ఆయన తాతముత్తాతలు కూడా గుర్తొచ్చేవాళ్ళు.

అందరికంటే ఎక్కువ తిట్టింది చివరి వీధివాళ్ళే. ఆయన ఇల్లూ ఆ వీధిలోనే ఉంది. అక్కడ నాలుగు ఇళ్ళున్నప్పుడు వేసిన పైపు అది. ఇప్పుడు ఇంటి మీద ఇల్లు లేచింది, పైపు మాత్రం అదే. పైవీధులన్నీ పట్టుకున్నాక మిగిలిన నీళ్ళు సన్నటి ధారగా ఓ పావుగంట వచ్చి ఆగిపోతాయి. వాల్వు ఎంత తిప్పితే మాత్రం పైపు లావెక్కుతుందా? ఆ ముక్క ఆయన ఎవరికీ నచ్చజెప్పలేకపోయాడు. ఆఫీసులో చెబితే చూద్దాంలే అన్నారు. వీధిలో చెబితే సాకులన్నారు. ఇంట్లో చెబితే భార్య బిందె దించి, "మనవాళ్ళకి ఎక్కువ వదిలితే మాటొస్తుందని మీ భయం, నాకు తెలీదా?" అని ఒక్క ముక్కలో తేల్చేసింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈయన ఇంట్లో ఓడిపోయి, ఆ ఉక్రోషంతో వార్డు ఎన్నికల్లో నిలబడ్డాడు.

నిలబడటం ఇది మూడోసారి. మొదటిసారి జనం నవ్వారు, రెండోసారి జాలిపడ్డారు, ఈసారి అదీ లేదు. ఈసారి కూడా ఓడిపోయాడు, ఆ ముక్క ముందే చెప్పేస్తున్నాను, దాని కోసం ఎవరూ ఎదురుచూడక్కర్లేదు. ఆయనా ఎదురుచూడలేదు. మోకాళ్ళు పట్టేస్తున్నాయి, ఇదే ఆఖరని ఇంట్లో మాట కూడా ఇచ్చేశాడు. ఆయనకి కావలసింది ఒక్కటే. చివరి వీధివాళ్ళందరినీ ఒకచోట కూర్చోబెట్టి, ఇన్నాళ్ళూ నీళ్ళు రానిది తన చేతివల్ల కాదని చెప్పాలి. వేరే పైపు వేసేదాకా గెలిచినవాణ్ణి వదిలిపెట్టొద్దని చెప్పాలి. వింటున్నవాళ్ళలో తన భార్య ఉండాలి.

పోటీలో ఉన్నవాళ్ళందరి చేతా ఒకే వేదిక మీద మాట్లాడించే సభ లైబ్రరీ హాల్లో పెట్టారు. పోయినసారి చీటీల్లో ఆయనకి ఆఖరి వంతు పడింది. ఆయన లేచేసరికి హాల్లో మిగిలింది కుర్చీలు, వాటిని మడతపెట్టడానికి కాచుక్కూర్చున్న మనిషి. ఈసారి లైబ్రేరియన్ పద్ధతి మార్చాడు. చీటీలో ఎవరి పేరు ముందొస్తే వాళ్ళు తమకు నచ్చిన వంతు కోరుకోవచ్చు. తీరా తీస్తే మొదటి చీటీ నీళ్ళాయనది.

పోటీలో ఉన్న మిగతా ముగ్గురిలో లాయరమ్మ మొహం మాడ్చుకుంది. జనం కునుకు తీయకముందే మాట్లాడాలని ఆవిడ మొదటి వంతు మీద ఆశ పెట్టుకుంది. కాంట్రాక్టరుకి ఏ వంతైనా ఒకటే. ఎప్పుడు మాట్లాడినా చప్పట్లు కొట్టే మనుషుల్ని ఆయన వెంట తెచ్చుకుంటాడు. నీళ్ళాయన ఆఖరి వంతు కావాలన్నాడు. హోటలాయన నవ్వాపుకోలేక, "పోయినసారి కుర్చీలకి చెప్పావు పెద్దాయనా, వాటికి ఓట్లు లేవు" అన్నాడు. నీళ్ళాయన కూడా కాస్త నవ్వాడు. ఆయన లెక్క ఆయనకుంది. చివరి వీధివాళ్ళు నీళ్ళు పట్టనిదే గడప దాటరు. వాళ్ళకి నీళ్ళొచ్చేది పొద్దు వాలాక. పట్టుకుని, తలుపులేసుకుని సభకి వచ్చేసరికి ముగ్గురి మాటలూ అయిపోతాయి. అందుకే ఆఖరి వంతు. ఈ లెక్క ఆయన ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు వాల్వులు తిప్పుతున్న సొంత బావమరిదికి కూడా చెప్పలేదు. చెబితే సాయం అడిగినట్టుంటుందని మొహమాటం.

సభ రోజున హాల్లోకి అడుగుపెట్టగానే ఆయన లెక్క తప్పింది. చివరి వీధి మొత్తం అప్పటికే కూర్చుని ఉంది. ముందు వరుసలో భార్య, ఆవిడ పక్కన తనని అందరికంటే ఘాటుగా తిట్టే పక్కింటి ముసలమ్మ. నీళ్ళు పట్టకుండా ఎలా వచ్చారని అడిగాడు.

"మా తమ్ముడు ఇంటింటికీ తిరిగి చెప్పాడు. సభ అయ్యేదాకా నీళ్ళొదలనన్నాడు, వెళ్ళి మా బావ మాట వినండన్నాడు" అంది భార్య. తమ్ముడి తెలివికి ఆవిడ మొహంలో గర్వం కూడా ఉంది.

ఇద్దరూ ఒక్క మాట అనుకుని ఉంటే సరిపోయేది. బావ అంటే ప్రాణం పెట్టే మనిషి, బావ ఎన్నో వంతు కోరుకున్నాడో మాత్రం అడగలేదు. ఆఖరి వంతు వచ్చేదాకా ఊరి నీళ్ళు ఆపి ఉంచడం ఎవరి తరం? నీళ్ళాయన వెళ్ళి లాయరమ్మని వంతు మార్చుకోమని బతిమాలాడు. మీరు కోరి తీసుకున్నదే కదండీ అని ఆవిడ కాగితాలు సర్దుకుంది. అదీ నిజమే.

లాయరమ్మ మాట్లాడింది. హోటలాయన మాట్లాడాడు, జోకులు కూడా వేశాడు. కాంట్రాక్టరు మైకు పట్టుకున్నాక ఇక వదల్లేదు. కిటికీల బయట చీకటి పడుతోంది. అలవాటు కొద్దీ నీళ్ళాయన ప్రాణం వాల్వు దగ్గరే ఉంది. పైవీధివాళ్ళు ఈపాటికి ఆఫీసుకి ఫోన్లు చేసుంటారు, బావమరిదిని ఎవరో ఒకరు దులిపేస్తుంటారు. నడుం లాగేస్తోంది. ఇదంతా ఎందుకు నెత్తికెత్తుకున్నానా అని అనిపించింది. అయినా చివరి వీధిలో ఒక్కరూ లేవలేదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, అందరూ ఒకచోట ఉన్నారు.

ఆయన వంతు వచ్చింది. మైకు ముందు నిలబడి, "అమ్మా, మన వీధి పైపు..." అన్నాడు.

అప్పుడే వేదిక వెనక పెరటి కుళాయి దగ్గింది. నీళ్ళకు ముందు గాలి తన్నుకొచ్చే చప్పుడు. మైకు హోరులో అది ఇంకెవరి చెవినా పడలేదు. పైవీధుల ఇళ్ళల్లో మనుషులున్నారు, మోటార్లున్నాయి. చివరి వీధిలో అన్ని ఇళ్ళకూ తాళాలే. తను మాట్లాడితే వాళ్ళ పావుగంట ఇక్కడే అయిపోతుంది.

ఆయన భార్య వంక చూశాడు. ఆవిడ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఏం చెబుతాడా అని ఆయన్నే చూస్తోంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ అలా కూర్చుని వినబోవడం ఆయన చూడలేదు. చెప్పేద్దామనే అనిపించింది. ఒక్క పూట నీళ్ళు లేకపోతే చచ్చిపోరు, అనుకున్నాడు కూడా. కానీ నోటివెంట వచ్చింది వేరే మాట.

"నీళ్ళొదిలారు. వెళ్ళి పట్టుకోండి" అన్నాడు.

అందరికంటే ముందు లేచింది ఆయన భార్యే. ముసలమ్మ ఆవిడ భుజం పట్టుకుని నడిచింది. చూస్తుండగానే వీధి వీధంతా గుమ్మం దాటింది. చప్పట్లు కొట్టేవాళ్ళు కాంట్రాక్టరుతో పాటు అంతకుముందే వెళ్ళిపోయారు. ఆయన మైకు లైబ్రేరియన్ చేతికిచ్చి, మెట్ల మీద కూలబడి, మోకాలు రుద్దుకున్నాడు. కుర్చీలు మడతపెట్టే మనిషి పని మొదలుపెట్టాడు.

ఇంటికి వెళ్ళేసరికి గుమ్మంలో బావమరిది వాల్వు తిప్పే ఇనప తాళం భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. ఆఫీసు నుంచి ఫోన్ల మీద ఫోన్లు, ఇక ఆపలేకపోయాను బావా అని తల వంచుకున్నాడు. నీళ్ళాయన అతని భుజం తట్టాడు. తిట్టే ఓపిక లేదు. ఇంటికెళ్ళి పడుకోమని పంపించేశాడు.

లోపల బిందెలన్నీ నిండి ఉన్నాయి. భార్య గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

"మీ మాట విని ఇంతమంది కదలడం ఇవాళే చూశాను" అంది.

ఆయనకి నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది. రెండింటినీ నీళ్ళతో కలిపి మింగాడు. భార్య స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"పైపు సంగతి ఏదో మొదలుపెట్టారుగా. చెప్పండి."

ఇప్పుడా అన్నాడు ఆయన, అలిసిపోయానన్నాడు. ఆవిడ కదలలేదు. ఆయన చెప్పాడు, రాసుకున్న మాటల్లో కాదు, మామూలుగానే చెప్పాడు. అదంతా చెప్పడానికి పావుగంట పట్టింది. ఆవిడ మధ్యలో లేవలేదు.