కప్పు మీది ఎర్ర శిలువ

మట్టెవాడలో ప్రసన్న సిస్టర్ చేతికి మంచి పేరుంది. పిల్లలు ఏడుపు మొదలుపెట్టేలోపే సూది బయటికొచ్చేస్తుంది. నోటికి అంతకంటే ఎక్కువ పేరుంది. తను పనిచేసే నర్సింగ్ హోమ్‌లో డాక్టరు రాసిన మందు మీద అనుమానం వస్తే, "మళ్లొకసారి చూడుండ్రి సార్" అని చీటీ తిప్పి పంపేస్తుంది. అలాంటి మనిషి వారం రోజులుగా ఎవరితోనూ గొడవ పడలేదు. ఈవిడకేమన్నా జబ్బు చేసిందా అని తోటి నర్సులు భయపడ్డారు.

జబ్బు కాదు, ఒక కాగితం. దాని కథ చెప్పాలంటే పదేళ్లు వెనక్కి వెళ్లాలి.

అప్పట్లో ప్రసన్న ఒక అరబ్బు దేశంలో, కొండల్లోని చిన్న ఆస్పత్రిలో పనిచేసేది. ఆ దేశం పేరు ఇప్పటికీ పలకదు, 'అక్కడ' అంటుంది అంతే. యుద్ధం వచ్చింది. నాలుగు దేశాల విమాన దళాలు కూటమి కట్టి బాంబులు వేయడం మొదలుపెట్టాయి. విమానాలకు కనిపించేలా కప్పు మీద ఆస్పత్రి గుర్తు పెట్టమని ముసలి డాక్టరు చెప్పాడు. ఊళ్లో రంగు దొరకలేదు. ప్రసన్న ఆరు తెల్ల దుప్పట్లు కలిపి కుట్టింది. పేషెంట్ల కింద పరిచే ఎర్ర రబ్బరు షీట్లు కత్తిరించి, మధ్యలో పెద్ద శిలువ కుట్టింది. వాళ్లమ్మ సుశీల చర్చి బల్ల మీది తెల్లగుడ్డకు ఏటా ఎర్ర శిలువ కుట్టేది. పక్కన కూర్చుని నేర్చుకున్న చెయ్యి, ఆలోచించకుండానే అటు పోయింది.

డాక్టరు చూసి నవ్వాడు. "మా దగ్గర నెలవంక పెడతాం కదమ్మా!"

ప్రసన్న నాలుక కరుచుకుంది. విప్పబోతుంటే ఆయనే ఆపాడు. "ఉండనీ. రెండూ ఆస్పత్రి గుర్తులే, లోకమంతా ఒప్పుకున్నవే." తానే కప్పెక్కి, గాలికి లేవకుండా మూలలకు రాళ్లు పెట్టాడు.

పన్నెండో రోజు పట్టపగలు బాంబు పడింది. వార్డులో పడుకున్న పదిమంది, వాళ్లను చూస్తున్న డాక్టరు పోయారు. మందుల గదిలో ఉండబట్టి ప్రసన్న బతికింది. డ్యూటీ దిగే నర్సు ఒక్కో మంచం దగ్గర ఆగి, పేషెంటును వచ్చే నర్సుకు అప్పజెప్పి వెళ్లాలి. ఆ రోజు అప్పజెప్పడానికి ఎవరూ మిగల్లేదు. అది ఆమె మనసులో అలాగే ఉండిపోయింది.

ఇన్నేళ్లకు కూటమి తీరిగ్గా విచారణ పెట్టింది. ఒక కాగితం పంపింది. 'కప్పు మీద విమానాలకు కనిపించింది ఆ ప్రాంతపు ఆస్పత్రి గుర్తు కాదు. దాన్ని పెట్టింది నేను. పొరపాటు నాది.' కింద సంతకానికి గీత. తెచ్చినవాడు రాంప్రసాద్, హనుమకొండలో గల్ఫ్ ఉద్యోగాలకు మనుషుల్ని పంపే ఏజెంటు. శనివారం వీడియోలో విచారణ ఉందని, ఆలోపు సంతకం కావాలని చెప్పాడు.

"జర సంతకం పెట్టక్కా. ఫైల్ క్లోజ్ అయితది. నీకు మంచి దవాఖానల పోస్టింగ్ నేను సూశ్కుంట. ఫికర్ జెయ్యకు."

ఎప్పటి ప్రసన్న అయితే ఆ కాగితాన్ని ముక్కలు చేసి వాడి జేబులో పెట్టేది. ఇప్పుడు తీసుకుని బీరువాలో దాచింది. నెలవంక కుట్టి ఉంటే బతికేవాళ్లేమో! ఈ ఒక్క మాట ఆమెను తొలిచేసింది. అన్నం సయించలేదు. శుక్రవారం పొద్దున తల్లి ముందు కూర్చుని ఏడ్చేసింది.

"నా చెయ్యే సంపిందా అమ్మా వాళ్లను?"

సుశీల కళ్లద్దాలు తుడుచుకుని కాగితం చూసింది. "గా గుర్తు వాళ్లకు కనవడ్డదా, లేదా?"

"కనవడ్డదనే రాసిండ్రు."

"కనవడ్డంక గూడ ఏసిండ్రా? మరి నీ కుట్టుకు ఏం రోగం బిడ్డా?"

ప్రసన్న ఏడుపు ఆగిపోయింది. ముఖం కడుక్కుని మందుల షాపుకు పోయి ఎర్ర రబ్బరు షీటు కొనుక్కొచ్చింది.

శనివారం పదకొండింటికి రాంప్రసాద్ ల్యాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. తెర మీద నాలుగు గళ్లు, నలుగురు అధికారులు. వార్డులో మాట్లాడిన ఇంగ్లీషు చాలు, నేనే మాట్లాడతానంది ప్రసన్న. ముందు వాళ్లే మాట్లాడారు. మేం ఫోటోలు తీసిచ్చామంతే అన్నాడు ఒకాయన. మేం పటం మీద చోటు చూపించామంతే అన్నాడు ఇంకొకాయన. మేం విమానాలకు గాలిలో ఇంధనం నింపామంతే, బాంబులు మొయ్యలేదు అన్నాడు మూడో కుర్రాయన. చెప్పిన చోట వేశామంతే అన్నాడు పెద్దాయన, విచారణకు అధ్యక్షుడూ ఆయనే. కూర మాడితే కట్టెలు ఎగదోసినవాడూ గరిటె తిప్పినవాడూ పక్కవాణ్ని చూపించినట్టుంది వ్యవహారం. పదకొండు ప్రాణాలు తీసిన పనిలో ఎవరి వంతూ లేదట, దుప్పట్లు కుట్టిన మట్టెవాడ నర్సుది తప్ప!

"సంతకం చేశారా?" అన్నాడు పెద్దాయన.

"ఒక్క ప్రశ్న సార్." ప్రసన్న లేచింది. చెరో కొస పట్టుకుని తల్లీకూతుళ్లు తెల్ల దుప్పటి విప్పారు. మధ్యలో ఎర్ర శిలువ. "ఇదేమిటి?"

"హాస్పిటల్" అన్నాడు ఇంధనం కుర్రాయన, బడిలో జవాబు చెప్పినంత చటుక్కున.

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. కుర్రాయన గడిలో మైకు ఆగిపోయింది.

"ఆయన 'హాస్పిటల్' అన్నారు కదా, ఆ మాట కాగితం మీద రాయండి. అప్పుడు సంతకం చేస్తాను" అంది ప్రసన్న.

రాంప్రసాద్ గబుక్కున లేచాడు. "అక్కా, ఇగ నీకు గల్ఫ్‌ల పోస్టింగ్ ఉండదు" అంటూ ల్యాప్‌టాప్ మూయబోయాడు. నాడి చూసేటప్పటిలా ప్రసన్న అతని మణికట్టు పట్టుకుంది.

"ఉండకపాయె. నా డ్యూటీ ఇంక అయిపోలే. కూసో."

సంతకం లేని కాగితాన్ని తిరగేసి ముందు పెట్టుకుంది. దాని వెనక పదకొండు పేర్లు రాసి ఉన్నాయి.

"మొదటి మంచం" అంది, నాలుగు గళ్ల వైపు చూస్తూ. "పేరు చెప్తున్నాను, రాసుకోండి."