బొంగు పొగలో పాటల పెట్టె

తడి తగలకూడదని మామగారి గ్రామఫోను పెట్టెను ప్లాస్టిక్ పట్టాలో చుట్టి, తాడుతో బిగించి, కొట్టు వెనక గోడౌన్లో చింతపండు బస్తాల పక్కన నిలబెట్టిన మహామేధావిని నేనే. తడి బయటినుంచి వస్తుందనుకున్నాను. అరకులో గాలే తడి అనీ, ఆ గాలిని కూడా పెట్టెతో కలిపి కట్టేశాననీ తోచలేదు. ఆషాఢమంతా ముసురు పట్టింది. ఒకరోజు పట్టా విప్పితే టేకు తలుపుల మీద, రికార్డులు పెట్టే అరల మీద తెల్లటి బూజు. కిరాణా కొట్టువాణ్ణి కాబట్టి ముక్కిన బియ్యం బాగా ఎరుగుదును. పాట ముక్కిపోవడం మాత్రం అదే చూడటం.

మామగారు బతికున్నన్నాళ్ళూ ఆ పెట్టెను కన్నకొడుకుని కూడా ముట్టనివ్వలేదు. కీ తిప్పే అవకాశం కొత్తల్లుడిగా నాకిచ్చారు. ఆ ఇంట్లో నాకు దక్కిన మర్యాదల్లో అసలైనది అదే. ఆయన పోయాక అత్తగారు పెట్టెను మాకే పంపారు. అది నా బావమరిదికి నచ్చలేదు. విశాఖపట్నంలో అతని ఫ్లాటు గుమ్మం దగ్గర దానికి వేరే ఉద్యోగం చూసిపెట్టాడు.

"లోపలి మిషను పీకేసి చెప్పుల స్టాండు చేయిస్తాను బావా. ఇప్పుడదే ఫ్యాషను."

బూజు సంగతి మా ఆవిడ వీడియో కాల్లో చూపించింది. అతను ముక్కు మూసుకుని, "ఫోన్లోంచి కూడా వాసనొచ్చేస్తంది బావా" అన్నాడు. పక్కనున్న అత్తగారు తీర్పు చెప్పేశారు. "శ్రావణంలో పూజకి వస్తాను కదా బాబూ. ఆ వాసన పోతే పెట్టె మీ హాల్లోనే ఉంటాది. పోకపోతే ఈడు పట్టుకుపోతాడు."

ఆ రోజునుంచి పాటల పెట్టె నా పాట్ల పెట్టె అయింది. మరలు విప్పి తలుపులు, అరలు, వెనక చెక్క విడదీశాను. పొడి బ్రష్షుతో బూజు దులిపాను. కర్పూరం పెడితే ముక్కిన కర్పూరం వాసన వచ్చింది. కాఫీ గింజలు పోస్తే ముక్కిన కాఫీ వాసన వచ్చింది. కావలసింది ఎండ. సూర్యుడేమో మా కొండల వైపు చూడటం మానేశాడు.

అప్పుడే కొట్టుకి ఎదురుగా ఉన్న బొంగులో చికెన్ పాక మీద నా చూపు పడింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అక్కడ మంట ఆరదు. మంటకి బాగా ఎత్తులో, రేకుల కింద, విత్తనాల మొక్కజొన్న కంకులు పురుగు పట్టకుండా పొగకి వేలాడుతుంటాయి. మా ఇంట్లో కోడిగుడ్డు కూడా గడప తొక్కదు. అయినా నా తర్కం నాకుంది. చికెన్ వెదురు బొంగులో ఉంటుంది, బొంగు మూతికి ఆకు కుక్కి ఉంటుంది, ఇక వాసన బయటికెలా వస్తుంది?

పాక నడిపే డుంబ్రిగుడ ఊరావిడ నావైపు, నేను మోసుకెళ్ళిన చెక్కలవైపు మార్చి మార్చి చూసింది. "ఏటి సేత్తన్నావు షావుకారూ? కోడి వాసన పట్టేత్తాది. మీ ఆడోళ్ళు ఊరుకుంతారేటి?"

"చెక్కకేం తెలుస్తుందమ్మా చికెనో చిక్కుడో!" అన్నాను.

"సెక్కకి తెల్దు. ముక్కుకి తెలుత్తాది" అని నవ్వుతూనే, కంకుల పక్కన చోటు చేసింది.

చెక్కలు గలగలమనేలా ఆరాయి. బూజు జాడ లేదు. గరుకు కాగితంతో రుద్ది, లక్క పాలిష్ పూసి, మళ్ళీ బిగించాను. పాలిష్ వాసనలో తక్కినవన్నీ మునిగిపోయాయనుకున్నాను. నాకే అంత ముచ్చటేసింది గనక ఇంకెవరి ముక్కునూ అడగలేదు.

అత్తగారు కిరండూల్ రైలు దిగి, కాళ్ళు కడుక్కుని, తిన్నగా పెట్టె దగ్గరికే వచ్చారు. వెనకాల బావమరిది, చేతిలో కొలతల టేపుతో సహా. ఆవిడ తలుపు తెరిచి తల లోపలికి పెట్టారు. నా గుండె కీ ఇవ్వకుండానే తిరిగింది.

"బూజు వాసన లేదు. ఏదో మసాలా వాసన వస్తంది."

"మసాలాలమ్మే కొట్టు కదండీ అత్తయ్యగారూ" అన్నాను. అందులో అబద్ధం లేదు, నిజమూ లేదు.

బావమరిది ఆవిణ్ణి పక్కకి జరిపి తానే తల దూర్చాడు. పెద్దగా పీల్చి, గెలిచినవాడిలా బయటికి వచ్చాడు. "మసాలా కాదే అమ్మా! బొంగులో చికెన్! బావ ఇంట్లోకి కోడిని తెచ్చేశాడు!"

మా ఆవిడ నావైపు తిరిగింది. దాచి లాభం లేదని పాక సంగతి చెప్పేశాను. చెప్పాక, నాకెప్పుడూ లేనంత వినయం ఎక్కడినుంచో వచ్చింది.

"మేమెవరమూ పోల్చుకోలేకపోయాం. నువ్వెలా కనిపెట్టావు బావమరిదీ?"

"ఎలా ఏటి బావా? బొంగు కాలిన వాసన, పచ్చిమిర్చి, అల్లం... వేడివేడిగా ఆకులో పోస్తే..." అక్కడ ఆగాడు. ఆగాల్సిన చోటు దాటేశాక.

అత్తగారు కొడుకుని పైనుంచి కిందికి చూశారు.

"పొగ తగిలిన సెక్క నిప్పు మీద ఆరింది. దానికి మైలేటి? అది తిన్లేదు, నువ్వు తిన్నావు. శ్రావణ మాసం, పూజ పెట్టుకుని! ఎల్లి తలారా స్నానం సేసి రా, బేగి."

"పెట్టో?" అన్నాడతను, టేపు చుట్టేస్తూ.

"అది ఇక్కడే ఉంటాది."

అతను తువ్వాలు భుజాన వేసుకుని, బయట కొండ మీది మంచు చూసి వణికాడు. "బావా, గీజరు వేసే ఉందా?"

"ఉంది, ఉంది. వెళ్ళు" అన్నాను. అతను తలుపు గడియ పెట్టుకునేదాకా ఆగి, హాల్లో ఉన్న గీజరు స్విచ్ కట్టేశాను. గీజరులో అప్పటికే వేడెక్కిన నీళ్ళతో అతను తప్పించుకోకుండా, గిన్నెలు తోమే నెపంతో వంటింటి కుళాయి తిప్పి వాటిని ఖాళీ చేసింది మాత్రం మా ఆవిడ. అది ఆమె పద్దు. అత్తగారు రికార్డు పెట్టారు, నేను కీ తిప్పాను. బాత్రూంలో మొదటి చెంబు కేక వినబడగానే ఇంకాస్త గట్టిగా తిప్పాను.