తల్లిగారి ఊరు

నేరేడుచర్ల సర్కారు దవాఖానలో కంప్యూటర్ పని దొరికినప్పుడు మనుషులతో మాట్లాడే అవసరం ఉండదని సంతోషించాను. గర్భిణుల వివరాలు ఎక్కిస్తే చాలు. పరీక్ష రోజు దగ్గరపడగానే వాళ్ళిచ్చిన నంబరుకు కంప్యూటరే మెసేజ్ పంపుతుంది. రానివాళ్ళ పేరు ఎర్రగా మారుతుంది. మధ్యాహ్నం రద్దీ తగ్గాక సొరుగులోని నవల తీసి చదువుకునేదాన్ని.

ఒక ఎండాకాలం ఒక పేరు ఎర్రగా మారి అలాగే ఉండిపోయింది. గొర్రెలు మేపుకునే ఇంటి కోడలు, తొలిచూలు. ఒంట్లో రక్తం బాగా తక్కువని, రక్తం పెరిగే సూదులు వేయించుకోవాలని, కాన్పు మాత్రం రక్తం ఎక్కించే పెద్ద దవాఖానలోనే జరగాలని డాక్టరమ్మ ఆమెకు చెప్పి పంపింది. ఆ తర్వాత ఆమె రాలేదు. నర్సమ్మ వెళ్ళి చూస్తే ఇంటికి తాళం ఉంది. ఆమె ఇచ్చిన నంబరు భర్తది.

"నువ్వే ఒకసారి ఫోన్ జెయ్యరాదు," అంది డాక్టరమ్మ నాతో.

ఫోన్‌లో కొత్తవాళ్ళతో మాట్లాడటం నాకు చేతకాదు. చెప్పాల్సిందంతా నమస్కారంతో మొదలుపెట్టి, పుస్తకాల భాషలో డైరీలో రాసుకున్నాను. అవతల ఎత్తగానే ఆగకుండా చదివేశాను. ఫోన్ కట్టయింది. మళ్ళీ చేసి మళ్ళీ చదివాను. గొర్రెల అరుపుల మధ్య నుంచి ఒక మగగొంతు విసుక్కుంది.

"పాటలు వద్దంటే ఇనవేందమ్మా? పొద్దుగాల సంది ఇదే లొల్లి."

కాలర్ ట్యూన్లు అమ్మే కంపెనీ రికార్డు అనుకుని, ఆ రికార్డునే తిడుతున్నాడు. డైరీ మూసేశాను.

"అన్నా, నేను పాటల కంపెనీ కాదు, నేరేడుచర్ల దవాఖాన నుంచి. మీ ఇంటామెకు రక్తం తక్కువున్నది, యాదున్నదా?"

యాదున్నదన్నాడు. మందను మాడుగులపల్లి వైపు తోలుకుపోయి చాలా రోజులైందట. మెసేజ్‌లన్నీ పాటలవే అనుకుని తీసేశాడట. భార్య కాన్పుకు కోదాడ దగ్గర తల్లిగారింటికి వెళ్ళిందట. తొలి కాన్పు తల్లిగారింట్లోనే అన్నది మా వైపు ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. మా కంప్యూటర్‌లో మాత్రం ఆమె ఇంకా అత్తగారి ఊళ్ళోనే ఉంది.

"ఆమెకేమన్న అయితదా అమ్మా?"

"సూదులు ఏయించుకుంటే ఏం గాదన్నా."

ఆ మాట డైరీలో లేదు.

అతడిచ్చిన బావమరిది నంబరుకు ఫోన్ చేసి, వాళ్ళ దగ్గరి దవాఖాన ఏదో కనుక్కుని, ఆమె వివరాలు అక్కడికి మార్చాను. మర్నాడే అక్కడి నర్సమ్మ వాళ్ళింటికి వెళ్ళింది. ఆమె పేజీ నాకూ తెరుచుకునేది. పొద్దున్నే రాగానే, కొత్త సూది వేసినట్టు ఎక్కించారా అని ముందు అదే చూసేదాన్ని.

అప్పటినుంచి ఎవరు ఎదురుగా కూర్చున్నా "తల్లిగారిది ఏ ఊరక్కా?" అని అడగడం మొదలుపెట్టాను. దానికి కంప్యూటర్‌లో వేరే గడి లేదు. చిరునామా చివర్న ఇరికించేదాన్ని, అన్నదో తండ్రిదో నంబరుతో సహా. తల్లిగారి ఊరు అడిగితే తల వంచుకుని కూర్చున్నవాళ్ళు కూడా మాట్లాడేవాళ్ళు. అక్కడి బావి నీళ్ళ తీపి దగ్గరి నుంచి మొదలుపెట్టేవాళ్ళు. నవల సొరుగులోనే ఉండిపోయేది.

వానలు పడ్డాక ఒక పొద్దున ఫోన్ మోగింది. ఈసారి గొర్రెలు కాదు, బస్సు హారన్లు.

సూర్యాపేట నుంచి చేస్తున్నాడు. పెద్ద దవాఖానలో కాన్పు అయిందట. రక్తం ఎక్కించారట. ఆడపిల్ల. తల్లి లేచి కూర్చుని చాయ్ తాగుతోందట.

"చెల్లె," అన్నాడు, "ఆనాడు వద్దన్న ఆ పాటేందో ఇప్పుడు పెట్టు, ఇనుకుంట."